టర్బో మింగిన బట్టపేలిక

ఇన్నేండ్లు కడుపుల దాసుకున్న మాట ఇది. నా భార్యకు సుత జెప్పలే. మీరెవరో నాకు తెల్వదు, గందుకే మీకు జెప్తున్న.

తొంభైలల్ల నాచారంల ఒక గ్యారేజ్‌ల మెకానిక్‌ను. అప్పుడప్పుడే టర్బో డీజిల్ కార్లు వస్తున్నయి. ఆ ఇంజన్ అంటే నాకు పిచ్చి! బయటికి పోయే పొగ జోరుకే ఓ చిన్న చక్రం, అదే టర్బో, నిమిషానికి లక్ష చుట్లు తిరిగి, ఇంజన్‌లకు గాలి దట్టిస్తది. మామూలు డీజిల్ బండి ఆయాసపడే ఎత్తును ఇది ఈల ఏసుకుంట ఎక్కుతది. ఒక్కటే షరతు. దూరం ఉరికించి తెచ్చినంక టక్కున ఇంజన్ బంద్ జెయ్యొద్దు, నిమిషం సేపు ఊకె నడవనియ్యాలె. లేకుంటే ఆ వేడికి ఆయిల్ మాడి టర్బో పాడైతది.

ఉప్పల్‌ల ఒక సేటు కారుకు ఏసోబన్న డ్రైవర్. వరంగల్ నుంచి వచ్చినా, పక్క గల్లీల నుంచి వచ్చినా ఆ నిమిషం ఇడిసేటోడు కాదు. గడియారం జూడకపోయేది. కండ్లు మూసుకొని ప్రార్థన జేసేటోడు, ఆమెన్ అన్నంకనే చావి తిప్పేటోడు. గసుంటి డ్రైవర్‌ను మల్ల సూడలే.

ఓసారి ఆ కారుకు ఎయిర్ ఫిల్టర్ మారుస్తూ, దుమ్ము పోవద్దని టర్బో గొట్టంల ఎర్ర బట్టపేలిక కుక్కిన. తియ్యుడు మర్సిన. ఏసోబన్న తోల్కపోతుంటే నారపల్లి చేరకముందే నల్లపొగ, బండి గుంజుతలేదు. తాడు కట్టి తెచ్చిన్రు. ఇప్పి సూస్తే చక్రం రెక్కలు ఇరిగున్నయి, సందుల ఎర్ర పోగులు. నా పేలికనే. ఎవ్వలు జూడకముందే జేబుల కుక్కుకున్న.

సేటు ఏసోబన్న మీద మండిపడ్డడు. "వేడి మీద బంద్ జేసి ఖరాబ్ జేసినవ్!"

ఏసోబన్న నా దిక్కు తిరిగిండు. "తమ్మీ, నువ్వన్న జెప్పు. నేనెన్నడన్న గట్ల బంద్ జేసిన్నా?"

"ఎప్పుడన్న తొందరల జేసినవేమో, అన్నా."

ఎందుకన్న గా మాట? కొలువు పోతదనా? అదొక్కటే అయితే మనసు ఇంత కాలకపోవు. టర్బో సంగతి నాకే ఎరుకని అందరు అంటుండె, ఆ పేరు పోతదని. సిగ్గులేనోన్ని. సేటు ఏసోబన్నను కొలువుల నుంచి తీసేసిండు.

కొత్త టర్బో ఏసినంక కారును సేటు ఇంటికి ఆఖరిసారి ఆయననే తోలిండు. పక్క సీట్ల నేను. గేటు ముందట ఆపి, కండ్లు మూసుకున్నడు. ఇంక ఆ బండి ఆయనకేమైతదని? అయినా నిమిషం నిండా ఆగిండు. నాకు గూడ నిమిషం నిండా ఉండె, జెప్పనీకి. జేబుల చెయ్యి పెట్టుకొని కూసున్న.

ఆమెన్ అన్నడు. చావి తిప్పిండు.

మాఫీ అడుగుతలేను. పేలిక నాది, ఏసోబన్నా. ఇయ్యాల గిది రాసినంక జర ఊపిరాడుతున్నది, గంతే.