అన్నయ్య ఫోటో పక్కన గ్లాసుల డబ్బాలు

ఆషాఢం, ఆదివారం. సైదాబాద్‌లో అన్నయ్య ఇల్లు. అన్నయ్య పోయిన పదకొండో రోజు, దినాలు. ఉన్నవారు: వదిన, ఉస్మాన్‌గంజ్ నుంచి వచ్చిన వదిన తమ్ముడు, ఎదురింటి పాలాయన, బంధువులు, నేను.

ఆ రోజు డైరీలో ఇంతే రాశాను. ఇంకేమైనా రాద్దామని పెన్ను పట్టుకొని కూర్చున్నాను గానీ ఏమీ రాలేదు. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

అన్నయ్య ఇల్లు గల్లీ చివర పల్లంలో ఉంటుంది. గల్లీ నీళ్లన్నీ ఆ ఇంటి ముందున్న మురుగు కాలువలోకే, మోరిలోకే దిగాలి. వాన పడిందంటే మోరి జాలీకి ప్లాస్టిక్ గ్లాసులు, కవర్లు అడ్డం పడి, నీళ్లు గడప దాటి లోపలికి వచ్చేవి. రిటైరయ్యాక అన్నయ్య ఒక ఇనుప చువ్వకు కొక్కెం చేయించుకున్నాడు. మబ్బు పట్టగానే లుంగీ ఎగగట్టి ఆ చువ్వతో మోరి దగ్గర నిలబడేవాడు. గల్లీలో ఎవరింట్లోనైనా ఫంక్షన్ జరిగితే మర్నాడు తప్పకుండా ఆ పని ఉండేది. ఎవరినీ ఏమీ అనేవాడు కాదు.

దినాలకు ముందురోజు పొద్దున వదిన నన్ను వంటింటి దగ్గరికి పిలిచింది.

"చూడయ్యా, ఒక్కటే మాట. ఆయన దినాలల్ల తాగిన గ్లాసులు ఆయన మోరిల పడొద్దు. నాకింకేం వద్దు."

సరేనన్నాను. ఆ మాట ఎదురింటి పాలాయనతో అంటే, బర్రెలకు గడ్డి వేసి వచ్చి, స్టీలు గ్లాసులున్న గోనెసంచి తానే మోసుకొచ్చాడు. చావు జరిగిన ఇంటికి గిన్నెలివ్వడానికి చాలామంది వెనకాడతారు. అదే అడిగాను.

"మైల గియిల నాకు తెల్వదు సార్. మా కొట్టంలకు నీళ్లు రాకుంట పెద్దసారు ఎన్ని వానలల్ల నిలవడ్డడో నాకెరుకే. కడిగి ఇయ్యుండ్రి, గంతే" అన్నాడు.

సాయంత్రం వదిన తమ్ముడు ట్రాలీ ఆటోలో వచ్చాడు. ఉస్మాన్‌గంజ్‌లో అతనిది డిస్పోజబుల్ గ్లాసుల, పళ్లాల హోల్‌సేల్ దుకాణం. ఆటో నిండా డబ్బాలే.

"అక్కా, నువ్వేం ఫికర్ చెయ్యకు. ఎవ్వల దగ్గర చెయ్యి చాపే పని లేదు. గ్లాసులు అన్నీ మనయే, మస్తుగ తెచ్చిన."

దినాలకు పుట్టింటివాళ్లు తెచ్చినదాన్ని ఏ ఆడమనిషీ వద్దనదు. వద్దంటే పుట్టిల్లే వద్దన్నట్టు. అన్నయ్య పోయాక పుట్టింటి వైపు నుంచి వదిన మంచిచెడ్డా చూసేవాడు ఈ తమ్ముడొక్కడే. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి "మంచిగ చేసినవ్ రా" అంది. తర్వాత నావైపు చూసింది.

నాకు కోపమూ రాలేదు, బాధా కలగలేదు. ఆ పదకొండు రోజులూ నా చేతులు పనిచేశాయి, మిగతాదేదీ పనిచేయలేదు. నా ఉద్యోగమంతా స్టోర్స్‌లో గడిచింది. ఏ వస్తువు ఎక్కడ పెడితే జనం తీసుకుంటారో, ఎక్కడ పెడితే దాని జోలికి పోరో నాకు తెలుసు. డబ్బాలను ముందుగదిలో, అన్నయ్య ఫోటోకు అటూ ఇటూ, సీలు కొయ్యకుండా పేర్చాను. మర్నాడు వాటి ముందు దీపం పెట్టాం. గ్లాసు కావాలంటే దీపం మీదుగా వంగి తీసుకోవాలి. బయట నీళ్ల డ్రమ్ము పక్కన స్టీలు గ్లాసులు బోర్లించాను. చేతులు కడుక్కునే నల్లా దగ్గర ఒక పెద్ద టబ్బులో నీళ్లు పోసి ఉంచాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

విస్తళ్లు పడ్డాయి. జనం చేతికందిన గ్లాసుతో తాగారు. చేతులు కడుక్కోవడానికి వచ్చి, టబ్బు కనబడితే అందులో వేశారు. నేనూ పాలాయనా కూర్చొని కడుగుతూ పోయాం. ఒక పెద్దాయన మాత్రం ఆగి, "డిస్పోజల్ గ్లాసులు లేవా?" అన్నాడు.

"లోపలున్నయ్, ఫోటో దగ్గర. తెచ్చుకోండి."

ఆయన గుమ్మం దాకా పోయాడు. దీపం చూశాడు. దండం పెట్టుకొని వెనక్కి వచ్చి స్టీలు గ్లాసే తీసుకున్నాడు.

రెండో బంతి లేచేసరికి వదిన తమ్ముడు టబ్బు దగ్గరికి వచ్చాడు.

"బావా, నా డబ్బాలకు దండం వెట్టిస్తున్నవా ఏంది?"

"అన్న పక్కన పెట్టిన."

"గదే. ఇగ వాటి మీదికి ఎవ్వని చెయ్యి లేస్తది? నేను పుట్టి బుద్ధెరిగినకాంచి గల్లా మీదనే కూసున్న, గిసొంటి ఉపాయం నాకు రాలే." గొంతు తగ్గించాడు. "అక్క చెప్పిందా?"

నేను గ్లాసు తొలుస్తూ ఉండిపోయాను. అతను కిటికీలోంచి లోపలికి చూశాడు. వదిన తల వంచుకొని కూర్చుని ఉంది. డ్రమ్ములోంచి ఒక స్టీలు గ్లాసుడు నీళ్లు ముంచుకొని తాగి, గ్లాసు టబ్బులో పడేశాడు. నీళ్లు నా చొక్కా మీద చిందాయి. కోపంతో వేశాడో, మామూలుగా వేశాడో నేను పోల్చుకోలేదు.

దినాల ఇంటి నుంచి పోతూ ఎవరూ "పోయొస్తం" అనరు. ఇంటివాళ్లు మళ్లీ రమ్మనరు. అందరూ అలాగే ఒక్కొక్కరుగా లేచి పోయారు. అతనూ చెప్పకుండానే పోయాడు.

"తమ్ముడు కోపంగ పోయిండా?" వదిన అడిగింది.

"తెల్వదు వదినా."

"ఇగ రాడేమో" అంది. ఆ మాట నాతో అన్నట్టు లేదు. నేను గ్లాసులు తుడిచి, గోనెసంచిలో పెట్టి పాలాయనకు ఇచ్చి వచ్చాను.

మర్నాడు తెల్లవారుజామున వాన పడింది. అన్నయ్య చువ్వ తీసుకొని మోరి దగ్గరికి పోయాను. చిప్స్ కవర్లు వచ్చాయి, తెగిన చెప్పు వచ్చింది, ఎవరో కూరలు తెచ్చుకున్న కవర్లు వచ్చాయి. గ్లాసులూ కొన్ని వచ్చాయి, పాతవి, మట్టి పట్టినవి. మా ఇంటివి లేవు. అప్పటికే నీళ్లు గడపను తాకుతున్నాయి.

ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. వదిన తమ్ముడు ప్యాంటు మడుచుకొని దిగాడు.

"బావా, డబ్బాలు తీస్కపోతున్న. గీ తడిల ఉంటే దేనికీ పనికిరావు" అన్నాడు. వాటికి ఒక్క చుక్క తడి అంటలేదు.

వదిన చాయ్ తెచ్చింది. అతను నిలబడే తాగాడు. డబ్బాలన్నీ ఎక్కించి, ఆటోలో ఒక కాలు పెట్టి, వెనక్కి తిరిగాడు.

"పోయొస్త అక్కా."

"మంచిది. పోయిరా" అంది వదిన.

నేను మళ్లీ మోరి దగ్గరికి పోయాను.