సీసా పగిలాక మా నాన్న చెప్పిన మాట

సిగ్గుమాలిన పని చేసినవాడు దాన్ని ఒప్పుకునేటప్పుడు కూడా ముందు తన తెలివితేటల దగ్గరే మొదలుపెడతాడు. నేనూ ఏం తక్కువ కాదు. నాకు మాటలు రాయడం బాగా వచ్చు. ఇప్పుడు విజయవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల బట్టల షాపులకు ప్రకటనలు రాసి బతుకుతున్నాను గానీ, ఇరవై ఏళ్ళ కిందట సినిమాలకు రాసేవాణ్ణి. పెద్ద సినిమాలకేం కాదు. గాంధీనగర్‌లో ఒక మేడమీది ఆఫీసు వాళ్ళు ఇంగ్లీషు సినిమాలు తెచ్చి, తెలుగు చేయించి, మన జిల్లాల్లో ఆడించేవాళ్ళు. వాటికి.

అప్పట్లో ఒక రకం సినిమాలు వరసపెట్టి వచ్చేవి. కుంగ్‌ఫూ తెలిసిన చైనా హీరో ఒకడు, అమెరికాలో ర్యాప్ పాటలు పాడే నల్లజాతి పాటగాడు ఒకడు. మొదట ఇద్దరికీ పడదు. తర్వాత కలిసిపోయి విలన్ల ఎముకలు విరగ్గొడతారు. మావైపు జనానికి అవన్నీ కరాటే సినిమాలే. విజయవాడలో వారం ఆడితే మైలవరంలో, ఉయ్యూరులో రెండు వారాలు ఆడేవి.

టీవీ ముందు కూర్చుని, బొమ్మను ఆపుతూ నడుపుతూ, తెరమీద పెదవులు మూసుకున్న చోట ప, బ, మ పడేలా తెలుగు మాటలు రాయడం నా పని. ఈ పనిలో ఒక అలవాటు ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు. హీరోకి పుస్తకంలో ఉన్నట్టు శుభ్రమైన తెలుగు రాయాలి. పక్కనున్న పాటగాడికి మాత్రం యాస పెట్టాలి. జనం నవ్వుకోవడానికి ఒకడు ఉండాలి కదా! నేను మా పేట యాస పెట్టాను. ఉయ్యూరు అవతల చెరకు తోటల పక్కన, చర్చి చుట్టూ కట్టుకున్న ఇళ్ళు మావి. అక్కడి మాట నోట్లోంచి పోగొట్టుకోవడానికి కాలేజీలో మూడేళ్ళు అవస్థపడ్డాను. పోగొట్టుకున్నదాన్ని తీసుకెళ్ళి, ఎక్కడో అమెరికాలో ఉన్న మనిషి నోట్లో పెట్టాను. నన్నెవరూ బలవంతం చేయలేదు.

అలాంటి ఒక సినిమాలో ఒక క్లబ్బు సీను వచ్చింది. పాటగాడు మైకు పట్టుకుని గుక్కతిప్పుకోకుండా ర్యాప్ చెబుతాడు. అతను ముక్క చెప్పి ఆగినప్పుడల్లా చుట్టూ ఉన్న జనం కేక వేస్తారు. అతనేం చెబుతున్నాడో నాకొక్క మాట అర్థం కాలేదు. కనుక్కుందామని కూడా అనుకోలేదు. ఆ సీనుకి థియేటరు లేచిపోవాలని మా యజమాని అన్నాడు. రెండు రోజులు తల పట్టుకున్నాను. మూడో రోజు దారి దొరికింది. అది మా నాన్న నోటి నుంచి దొరికింది.

మా నాన్న చెరకు కొట్టే కూలి. నా చిన్నప్పుడు బాగా తాగేవాడు. తర్వాత మానేసి బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం, పాస్టరుగారు సాక్ష్యాలు ఉన్నవాళ్ళు లేవండి అనగానే మొదట లేచేది ఆయనే. దేవుడు తనకు చేసిన మేలు ఏమిటో అందరి ముందూ చెప్పుకోవడమే సాక్ష్యం. మా నాన్న చెప్పే పద్ధతి వేరు. ఒక ముక్క చెప్పి ఆగేవాడు. చర్చి అంతా ‘స్తోత్రం’ అనేది. ఆ ముక్క చివరి మాట పట్టుకుని తర్వాతి ముక్క ఎత్తుకునేవాడు. తాగాను. స్తోత్రం. తాగి తూలాను. స్తోత్రం. తూలి కాలవగట్టున పడ్డాను. పడితే కుక్కొచ్చి నా మూతి నాకింది. నాకితే లేచాను. లేస్తే చేతిలో సీసా పగిలుంది.

ఆ సీసా సారా సీసా కాదు. జ్వరంతో పడి ఉన్న నా కోసం ఉయ్యూరులో కాంపౌండరు ఇచ్చిన మందు సీసా. అందుకే ఆ ముక్క రాగానే చర్చిలో అందరూ నా వైపు తిరిగేవాళ్ళు. నాకు తల కొట్టేసినట్టుండేది. చెవులు రెండూ మూసుకుని, తల మోకాళ్ళలో పెట్టుకునేవాణ్ణి. ఆ తర్వాత మా నాన్న ఏం చెప్పేవాడో నేను ఒక్క ఆదివారం కూడా వినలేదు.

ఆ సాక్ష్యాన్ని యథాతథంగా దించాను. మందు సీసాను బ్రాందీ సీసా చేశాను, అంతే. ‘స్తోత్రం’ ఉన్నచోట ‘సెబాసో’ అని పెట్టాను. పెదవులు అచ్చుగుద్దినట్టు కలిశాయి. సీసా పగిలింది అనగానే చైనా హీరో లేచి ఒకణ్ణి తంతాడు, సీను అయిపోతుంది. చదువుతుంటే మా యజమాని కుర్చీలో పొర్లి పొర్లి నవ్వాడు. నేను కూడా నవ్వాను. ఇంటిగుట్టు లంకకు చేటు అంటారు. మా ఇంటి గుట్టుకు ఇంకొకడు అక్కర్లేదు, నేనే ఉన్నాను.

బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు మా చర్చిలో సినిమాకు వెళ్ళరు. మా నాన్న అప్పటికి ఇరవై ఏళ్ళుగా థియేటరు గడప తొక్కలేదు. కానీ కొడుకు పేరు తెర మీద పడుతుందని ఎవరో చెప్పారు. ఆయన పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, బతిమాలి, ఒక్క ఆటకు సెలవు తీసుకున్నాడు. అమ్మ రానంది. ఆదివారం చర్చికి కట్టుకునే తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉయ్యూరులో మధ్యాహ్నం ఆటకు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. రావొద్దని చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఆయన దాన్ని తనదని పోల్చుకోలేడులే అనుకున్నాను. ఎంత పొగరు!

నా పేరు పడ్డప్పుడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. క్లబ్బు సీను దాకా పట్టుకునే ఉన్నాడు. ‘తాగాను’ అని తెర మీద మొదలైంది. ‘తాగి తూలాను’ అనేసరికి హాలంతా ఈలలు. కుక్క మూతి నాకిందనగానే ముందు బెంచీల వాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మా నాన్న చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేనాయన వైపు తిరగలేకపోయాను. ఆట వదిలాక బస్టాండు దాకా నడిచాం. బస్సు ఎక్కబోతూ అన్నాడు.

“బానే నవ్వార్రా జనం.”

ఎత్తిపొడుపు కాదు. ఆయనకు ఎత్తిపొడవడం రాదు. నేను బాగా రాశానని మెచ్చుకుంటున్నాడు. అదే నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

తర్వాతి ఆదివారం పాస్టరుగారు సాక్ష్యాలు అడిగితే మా నాన్న లేవలేదు. ఆ పైవారమూ లేవలేదు. చనిపోయేదాకా మళ్ళీ లేవలేదు. గొంతు బాగోలేదని కొన్నాళ్ళు, వయసు పైబడిందని కొన్నాళ్ళు అన్నాడట. అమ్మకు మాత్రం ఆ దిగులు పోలేదు. బంగారంలాంటి సాక్ష్యం, ఎందుకు మానేశాడో మీ నాన్న, నీకేమన్నా చెప్పాడా అని నన్ను ఎన్నిసార్లు అడిగిందో! ఏమోనమ్మా అనేవాణ్ణి. ఆయన పోయాక కూడా అదే అన్నాను.

ర్యాప్ అనేది అక్కడి పేదవీధుల మనుషులు తమ బతుకుల్ని తామే చెప్పుకోవడంలోంచి వచ్చిందని చాలా ఏళ్ళ తర్వాత ఎక్కడో చదివాను. అంటే ఆ క్లబ్బులో మైకు పట్టుకున్నవాడు చెప్పిందీ సాక్ష్యమేనేమో. ఎద్దు పుండు కాకికి ముద్దా? ఆ కాకిని నేనే. రెండు పుండ్లు పొడిచాను.

మొన్న వేసవిలో ఒక సాయంత్రం మా అమ్మాయి హాల్లో కూర్చుని ఫోను చూస్తూ పగలబడి నవ్వుతోంది. అమ్మ పక్కనే కుర్చీలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పాత కరాటే సినిమాల్లోంచి నవ్వొచ్చే ముక్కలు కోసి ఇప్పుడెవరో ఫోన్లలో తిప్పుతున్నారు. మా అమ్మాయి సౌండు పెంచి, రా నాన్నా, ఇది విను అంది. ‘తాగాను’ అని వినబడింది. వంటింట్లోంచి వస్తున్న నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

అమ్మ చిక్కుడుకాయ మీంచి తల ఎత్తకుండానే, అలవాటు కొద్దీ, “స్తోత్రం” అంది.

‘తాగి తూలాను’ అంది ఫోను. “స్తోత్రం” అంది అమ్మ. మా అమ్మాయికి నవ్వాగలేదు, నానమ్మకు కూడా ఇది వచ్చే అంది. కుక్క దాకా వచ్చేసరికి అమ్మ చేతులు ఆగిపోయాయి. సీసా పగిలింది, హీరో తన్నాడు, ముక్క అయిపోయి మళ్ళీ మొదలైంది. అమ్మ నా వైపు చూసింది. అమ్మ ఆపమంటే మా అమ్మాయి ఆపింది.

“ఇదెవరు రాశార్రా?”

“నేనేనమ్మా.”

“మీ నాన్న వెళ్ళింది ఈ సినిమాకేనా?”

“ఊఁ.”

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు. పళ్ళెంలో కాయలు కెలుకుతూ అడిగింది.

“మరి సీసా పగిలాక మాట ఎందుకు పెట్టలేదు?”

ఆ మాట నాకు తెలియదని చెప్పాను. ఎప్పుడూ చెవులు మూసుకునేవాణ్ణని చెప్పాను. అమ్మ నమ్మలేనట్టు చూసింది. తర్వాత మా నాన్న చెప్పినట్టే, ముక్కముక్కకీ ఆగుతూ చెప్పింది.

“పగిలితే ఉత్త చేతుల్తో ఇంటికెళ్ళాను. ఎళితే నా కొడుకు జొరంలో ఉండి కూడా నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వుకి సిగ్గొచ్చి మానేశాను.”

అక్కడ ఆగింది. ఆగిన చోట ఎవరో ఒకరు అనాలి. మా అమ్మాయికి ఆ పద్ధతి తెలియదు. అమ్మ నా వైపే చూస్తోంది. చిన్నప్పుడు ఒక్క ఆదివారం కూడా నేను అనలేదు. ఇప్పుడు అందామని నోరు తెరిచాను.