గొంగడోడి చెంప మీది గాటు

ఇన్నేళ్లలో నా ప్రశ్నకు ఒక్కరూ జవాబు చెప్పలేదు. మహబూబాబాద్‌లోని ఈ అద్దె గదిలో ముసురు పట్టినప్పుడల్లా పెట్టెలోంచి తాత గొంగడి తీసి దండెం మీద వేస్తాను. తడిగాలి తగలగానే అది గొర్రెల వాసన, బీడీ వాసన, మా నర్మెట్ట చేల బురద వాసన అన్నీ కలిపి వదులుతుంది. ఆ వాసనకు తాతకంటే ముందు సుధాకర్ గుర్తొస్తాడు, వాడు తీసుకుపోయిన నా నోటుబుక్కు గుర్తొస్తుంది, ఆరిందనుకున్న కోపం మళ్లీ రాజుకుంటుంది.

మా చిన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నం కేబులాయన తన చానెల్లో డబ్బింగ్ సినిమా వేసేవాడు. సుధాకర్ వాళ్లు చర్చి నుంచి వచ్చి అన్నాలు తినేసరికి మేం ఏడెనిమిది మందిమి వాళ్ల టీవీ ముందు చేరేవాళ్లం. వానాకాలమైతే వాళ్లమ్మ మక్క గారెలు, ఎండాకాలమైతే ఉప్పుకారం అద్దిన మామిడికాయ ముక్కలు పెట్టేది, నూనె చేతులు గోడకు తుడిచామని తిట్టేది. మధ్యలో కరెంటు పోయి వచ్చేసరికి కథ ఎక్కడికో పోయి ఉండేది. ఆ చూడని ముక్కలో ఏం జరిగి ఉంటుందో మేమే కల్పించుకుని, అందరికీ సమ్మతమయ్యేదాకా వారమంతా తగువు పడేవాళ్లం. వీరుల పేర్లు నోరు తిరగక మా పేర్లే పెట్టుకున్నాం. భుజాల వెనక బూడిదరంగు గుడ్డ వేలాడేసుకుని మంటల్లోకి దూకేవాణ్ని గొంగడోడు అన్నాం. నాకు వాడంటేనే ప్రాణం.

ఒక ఆదివారం వాడు చచ్చిపోయాడు. చివర్లో వాడి ముఖం తెరనిండా చూపించారు, ఎడమ చెంప మీద పొడుగాటి గాటు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మరుసటి ఆదివారం వాడు మళ్లీ వచ్చాడు, బతికే ఉన్నాడు, చెంపలు రెండూ నున్నగా ఉన్నాయి. చచ్చినోడు మళ్ల ఎట్ల వస్తడని తాతను అడిగాను. గొంగడి మూల మడిచి నెత్తిన వేసుకుని వాకిట్లో కూర్చున్న తాత దాని అంచు పట్టి చూపించాడు.

“గీ గొంగడి మా అన్నదిరా. ఆయన పోయినంక నేను కప్పుకున్న. గొర్లను తోలుకొని వస్తాంటే దూరంకెల్లి చూసి మా అవ్వ ఏడ్చింది, పెద్దోడే వస్తున్నడనుకొని.”

తాత బీడీ వెలిగించుకుని గొర్ల లెక్కలో పడ్డాడు. నాకు మాత్రం అంతా తెలిసిపోయింది. గొంగడోళ్లు ఇద్దరు. అన్న చచ్చిపోయాడు, తమ్ముడు ఆ గొంగడి కప్పుకున్నాడు. బొమ్మలతో సహా నోటుబుక్కులో పదకొండు పేజీలు రాశాను. అది చదివి వినిపించిన వారం రోజులూ, నేను వచ్చేదాకా గోలీలాట మొదలుపెట్టకుండా పిల్లలు ఆగారు. అంతకుముందు నాకోసం ఎవరూ ఆగలేదు.

తర్వాత సుధాకర్ వాళ్ల నాయినతో జనగామ పోయి, సీడీల దుకాణంలో అట్టల మీది అంకెలు చూసి వచ్చాడు. అందరి ముందే అన్నాడు: “కేబులాయన మూడోది ముందు వేసిండు, ఒకటోది యెనక వేసిండు. నీ తమ్ముడు లేడు, గిమ్ముడు లేడు.”

ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరుసగా చెప్పగలను. ఆ రోజు నుంచి బడిలో నా పేరే తమ్ముడు.

ఆ తర్వాతి ఆదివారం రెండో భాగం వచ్చింది. అందులో గొంగడోడికి కత్తి గాటు పడింది, కుడి చెంప మీద. మూడోదాంట్లో చచ్చిపోయినవాడికి ఉన్నది ఎడమ చెంప మీద. సినిమాలు ఏ వరుసలో వేసినా గాటు చెంప మారదు కదా. లేచి నిలబడి అదే చెప్పాను. వినకుండానే అందరూ గోలీలాటకు పోయారు. సుధాకర్ ఒక్కడే తెర ముందు ఆగిపోయాడు. వాడూ చూశాడు. చూసినట్టు నేను చూశాను.

ఆ ఎండాకాలమే వాళ్ల నాయినకు భూపాలపల్లి బొగ్గుబాయిలో పని దొరికింది. సామాను డీసీఎం వ్యానులోకి ఎక్కిస్తుంటే వాడు మా ఇంటికి వచ్చి నోటుబుక్కు అడిగాడు. “ఆడ మూడు సీడీలు దొరుకుతయట. వరుసగ చూసి నీకు రాస్త, జర ఆగు,” అన్నాడు. ఇచ్చాను. నవ్విన సంగతి ఎత్తుతాడేమోనని నిలబడ్డాను, ఎత్తలేదు. అందుకే బండి కదిలినప్పుడు నేను బయటికి రాలేదు. ఆ వానాకాలమంతా మా వీధికి వచ్చే పోస్టాయన్ను మాత్రం అడుగుతూనే ఉన్నాను. ఆయన దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపేవాడు.

ఇప్పుడు కేబులాయన లేడు, తాత లేడు. నర్మెట్ట పిల్లలు ఎవరి ఫోన్లో వాళ్లు అన్ని భాగాలూ వరుసగా చూస్తున్నారు, కరెంటు పోయినా సినిమా ఆగదు, తగువు పడటానికి ఏమీ మిగలదు. ఫోన్లో ఆ సినిమాల అభిమానుల గుంపు ఒకటి ఉంది. ఏ సినిమా ఏ సినిమాకు ముందుదో, ఎవడు నిజంగా చచ్చాడో రోజంతా వాదించుకుంటారు. అక్కడ గాటు సంగతి ఎన్నిసార్లు అడిగానో నాకే గుర్తులేదు. అందరూ దాటి పోతారు.

పోయిన వారం ఎవరో మారుపేరుతో ఒక ముక్క రాశారు: “గొంగడోళ్లు ఇద్దరు.” గొంగడోడు ఎవడని నలుగురు అడిగారు. ఆ వీరుణ్ని అలా పిలిచింది ఆ ఊళ్లో, ఆ టీవీ ముందు కూర్చున్న మేమే. నోటుబుక్కు ఉన్నది ఒక్కడి దగ్గరే. దాని కింద “సుధాకరా?” అని రాశాను. రాసినవాళ్లు చూసినట్టు ఫోన్లో టిక్కు పడింది, జవాబు రాలేదు.

సుధాకర్, నోటుబుక్కు నీ దగ్గరే ఉంచుకో. నవ్వినందుకు కూడా నిన్నేమీ అనను. ఇద్దరున్నారని నీకు ఎవరు చెప్పారో మాత్రం ఆ ముక్క కిందే రాయి. నా పేరు మరిచిపోయి ఉంటే తమ్ముడు అని రాయి, పలుకుతాను.