‘పోయొస్త’ అనలేదు

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా చర్చిలో దయ్యాలు వదిలించే ప్రార్థన పెడితే నేను బయట చెప్పుల దగ్గర నిలబడేవాణ్ణి. ఇప్పటికీ అంతే. అయినా ఇది రాయక తప్పదు. బోధన్‌లో మా సంఘం ముందు నేను చెప్పిన సాక్ష్యంలో ఒక మాట అబద్ధం.

నేను మా చర్చి యువజనులకు పెద్దను. ఫ్రాన్స్‌లో ఒక కొండ మీద క్రైస్తవ సన్యాసుల మఠం ఉంది. దేశదేశాల యువకులు వచ్చి వాళ్ళతో కలిసి ప్రార్థన చేస్తారు. ప్రార్థన మధ్యలో చాలాసేపు అందరూ మౌనంగా ఉండాలి. మా పిల్లలను తీసుకుపోయే అవకాశం వచ్చింది.

సాల్మన్‌ను నేనే వద్దన్నాను. బీడీలు చుట్టే మరియమ్మక్కకు వాడు ఒక్కడే కొడుకు. బాగా పాడతాడు, కానీ నోరు ఊరుకోదు. ఆ మౌనంలో మా పరువు తీస్తాడని పాస్టర్ గారికి చెప్పాను.

బయల్దేరే రోజు మా సామాను బస్సెక్కించింది వాడే. “ఇగ పోతున్నం రా” అన్నాను. వాడు బస్సు మెట్టుకు అడ్డం నిలబడ్డాడు.

“అన్నా, గట్లంటరా ఎవలన్న? పోయొస్త అను. అనకపోతే బస్సు కదలనియ్య.”

“పోయొస్త తియ్.”

“ఆఁ, గిప్పుడు పో. ఆడ నోరు మూసుకునుడు నీకన్న వస్తదో లేదో!”

బస్సులో అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

మఠంలో అది మధ్యాహ్నం ప్రార్థన. అందరం నేల మీద కూర్చున్నాం. పాట ఆగింది. మౌనం మొదలైంది. దగ్గు కూడా వినిపించడం లేదు. నా వెనక నుంచి, చెవికి దగ్గరగా, మెల్లగా వినిపించింది.

“అన్నా, పోతున్న.”

సాల్మన్ గొంతే. తిరిగి చూస్తే తెల్లజుట్టు విదేశీ ముసలాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. నాకు భయం వేయలేదు. చేతిలోని పాటల కాగితం ఎప్పుడు జారిందో తెలియదు.

బయటికి వచ్చాక, పక్కన కూర్చున్న మా పిల్లల్లో రూతు అడిగింది. “అన్నా, లోపట తెలుగుల ఎవలు మాట్లాడిండ్రు?”

“ఏమన్నరు?”

“మాట సమజ్ కాలే. మనోళ్ళ గొంతే.”

మా వాళ్ళను అడిగాను. ఎవరూ మాట్లాడలేదు.

సాయంత్రం ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. సాల్మన్ కనబడటం లేదు. వాడి బండి మంజీర నది వంతెన మీద ఉంది. లెక్క వేసి చూస్తే వాడు ఇల్లు వదిలింది దాదాపు మా ప్రార్థన వేళకే. మనిషి ఇప్పటికీ దొరకలేదు. ఏమైందో ఎవరికీ తెలియదు.

తిరిగి వచ్చిన ఆదివారం నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. ముందు వరస చాప మీద కూర్చున్న మరియమ్మక్క నా నోటి వైపే చూస్తోంది. విన్నది విన్నట్టే చెప్పుకొచ్చాను. ఆఖరి మాటకు నోరు రాలేదు. “పోయొస్త అన్నా, అన్నడు” అన్నాను. సంఘమంతా స్తోత్రం అంది.

అప్పటి నుంచి అక్క తలుపుకు గడియ పెట్టలేదు. చనిపోయినవాళ్ళకు చేసే ఆదరణ కూడిక పెడదామంటే పాస్టర్ గారి మీదికే లేచింది.

“పోయొస్త అన్నడు గద! వచ్చేటోనికి కూడికేంది?”

మొన్న పోయి నిజం చెప్పాను. అక్క తునికాకు కత్తిరిస్తోంది.

“అక్కా, వాడు వస్త అనలే. పోతున్న అన్నడు.”

కత్తెర ఆగింది.

“నాకు సుత గదే అన్నడు తమ్మీ, ఆ దినం గడప కాడ. ఇననట్టే ఊకున్న. నీకన్న వస్తనని చెప్పిండు గదా అని…”

నన్ను తిట్టలేదు. లేచేటప్పుడు అలవాటు కొద్దీ “పోయొస్త అక్కా” అన్నాను. నేను వాకిలి దాటకముందే వెనక గడియ పడిన చప్పుడైంది.

ఆ గొంతు అంత దూరం ఎట్లా వచ్చిందో నేను ఈనాటికీ చెప్పలేను. విన్నది మాత్రం ‘పోతున్న’ అనే. సంఘం ఈ ఒక్క మాట దిద్దుకోవాలి.