గుండ్లకమ్మ రాళ్ల మీద చప్పుడు

దెయ్యాలు, పూనకాలు, దిష్టి తీయడాలు, వీటిలో దేన్నీ నేనెప్పుడూ నమ్మలేదు. వినుకొండలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. ఇప్పుడు రాస్తున్నది కూడా దెయ్యం సంగతే అని అనను. ఏమనాలో నాకు తెలియదు. రాయాలంటే సిగ్గుగా మాత్రం ఉంది.

నాకు గాలం పిచ్చి. ఎర గుచ్చే గాలం కాదు. నాటుకోడి ఈకలు, దారం కలిపి కొక్కేనికి పురుగులా కట్టి, అది నీళ్ల మీద వాలినట్టు విసిరే పద్ధతి. వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు. మా అన్నయ్య ఒక్కడే తన కోళ్ల ఈకల్లో మంచివి ఏరి దాచిపెట్టేవాడు. ఆయనది మిర్చి సేద్యం. గొంతు క్యాన్సర్ వచ్చి పోయిన వేసవిలో చనిపోయాడు.

ఇది ఆ తర్వాత, పత్తి తీతలప్పుడు జరిగింది. ఆదివారం సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే గుండ్లకమ్మకు వెళ్లాను. మా ఊరి పత్తి చేల వెనక వాగులో పెద్ద పెద్ద బండరాళ్లు ఉంటాయి. లుంగీ ఎగ్గట్టి మోకాలి లోతు నీళ్లలో నిలబడి గాలం విసురుతున్నాను. ఒక్క పరిగె చేప కూడా పడలేదు.

పక్క రాయి మీదికి ఒక పురుగు పాకింది. గోధుమరంగు, వీపు మీద బల్లపరుపుగా మడిచిన రెక్కలు, వెనక రెండు తోకలు. స్టోన్‌ఫ్లై అని చూడగానే తెలిసింది. కానీ అవి చల్లటి కొండవాగుల్లో బతికే పురుగులు. ఎంత పెద్దదైనా వేలంత ఉంటుంది. ఇది నా అరచేతి కంటే పొడుగుంది. చేలల్లో కొట్టిన మందంతా దిగే ఈ నీళ్లలో నేను చిన్నది కూడా ఎన్నడూ చూడలేదు.

నిజం చెప్పాలంటే మొదట సంతోషపడ్డాను. ఎక్కడో పత్రికలో నా పేరు పడుతుందనుకున్నాను. ఫోను తీసి ఫొటోలు తీశాను. ఈలోపు నీళ్లలోంచి ఇంకొకటి ఎక్కింది, ఇంకొకటి. కాసేపటికి రాళ్లన్నీ వాటితో నిండిపోయాయి. ఒక్కటీ ఎగరలేదు.

అప్పుడు చప్పుడు మొదలైంది.

ఈ జాతిలో మగది పొట్టతో రాయిని కొట్టి ఆడదాన్ని పిలుస్తుంది. పుస్తకాల్లో చదివాను. మన చెవికి ఆనేంత చప్పుడు కాదది. ఇదేమో ఉంగరంతో ఇనుప కడ్డీని కొట్టినట్టు వినపడింది. గబగబా రెండు, కాస్త ఆగి ఒకటి. అన్నీ ఒకేసారి.

ఆపరేషన్ తర్వాత అన్నయ్యకు మాట పోయింది. వరండాలో ఇనుప మంచం మీద పడుకుని, వదినతో పని ఉంటే ఉంగరం ఉన్న వేలితో మంచం కడ్డీని అలాగే కొట్టేవాడు. గబగబా రెండు, కాస్త ఆగి ఒకటి. వదిన వంటింట్లోంచి వచ్చేది. చివరి రోజు దాకా అదే పిలుపు.

ఒక పురుగు నా లుంగీ పట్టుకుని పైకి పాకుతోంది. గాలం కర్ర పారేశాను. లుంగీ విప్పి పారేశాను. గట్టెక్కి, ముళ్లలోంచి, డ్రాయరు మీద పరిగెత్తి పత్తి తీసే ఆడవాళ్ల మధ్యలో పడ్డాను. "అన్నయ్యా, నన్నొదిలెయ్యి" అని అరుస్తూ వచ్చానట. నాకు గుర్తులేదు.

వాళ్లలో పెద్దావిడ తన పత్తి మూట గుడ్డ నా మీదికి విసిరింది.

"ముందు ఇది చుట్టుకో సారూ. పాము కరిసిందా?"

పురుగులు, చప్పుడు అని ఏదో చెప్పాను. నలుగురూ కలిసి నన్ను మళ్లీ వాగు దగ్గరికి తీసుకెళ్లారు. కర్ర ఉంది, లుంగీ ఉంది. రాళ్ల మీద ఒక్క పురుగూ లేదు. ఫోనులో ఫొటోలు చూపించబోయాను. అన్నింటిలోనూ తడి రాళ్లే ఉన్నాయి. ఒకమ్మాయి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నా దగ్గర చదువుకున్న అమ్మాయే.

మర్నాడు సంగతి తెలిసి వదిన మా ఇంటికి వచ్చింది. అన్నయ్య పోయినప్పటి నుంచి సరిగా తినక సగమైపోయింది. నేను తలెత్తలేదు.

"ఏం విన్నావు శీనూ?" అంది.

బల్ల మీద వేలితో కొట్టి వినిపించాను.

"అది నన్ను పిలిచే పిలుపు కదా. నువ్వెందుకు పరిగెత్తావు? మీ అన్నేగా" అంది.

కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగింది. డ్రాయరు మీద పరిగెత్తినందుకు పడ్డ సిగ్గు, ఆ మాట ముందు ఏపాటిదీ కాదు.

వాగు దగ్గరికి తీసుకెళ్లమని అడిగింది. ఆ తర్వాతి ఆదివారం తీసుకెళ్లాను. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని రాయి మీద కూర్చుని, అరచేయి బండకు ఆనించింది. నేను నీళ్లలో నిలబడ్డాను. ఎండ కొండల వెనక్కి దిగింది. ఎక్కడో మోటారు ఆగింది. ఒక్క పురుగూ రాలేదు. ఇక వెళ్దామని చెప్పబోతున్నాను.

"ఆ, వస్తున్నా" అంది వదిన.

నాతో కాదు. వంటింట్లోంచి పలికినట్టు, మామూలుగా. వెంటనే నా వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఊరు దగ్గరపడ్డాక, "నీకూ వినపడింది కదా" అంది.

అవునన్నాను.

నాకు నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. మొదటిసారి నేను విన్నదేమిటో, రెండోసారి ఆమె విన్నదేమిటో ఇప్పటికీ తెలియదు. వదిన మాత్రం ఇప్పుడు వేళకు అన్నం తింటోంది.