వెంట్రుకవాసి డాక్టరమ్మ

ఆస్ట్రేలియాలోని లాంగ్‌రీచ్ ఊళ్లో పళ్ల డాక్టరు లియోనీ ట్రాస్క్‌కి వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒళ్లుమంట. కొత్త పన్ను నాటే ముందు దవడను స్కాన్ తీసి, తెరమీద అటూ ఇటూ తిప్పుతూ, ఆ పన్నుని నిలబెట్టే మరమేకు ఎముకలోకి ఏ వాలున దిగాలో రోజుల తరబడి చూసుకుంటుంది. ఆ కొలత ప్రకారం మరమేకుకి దారి చూపే అచ్చు చేయిస్తుంది. అది పక్కపళ్ల మీద కదలకుండా కూర్చోవాలి. ఇవాళ గొర్రెల బొచ్చు కత్తిరించే మెర్వ్ నోట్లో పెడితే ఊగింది. తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ ఊగింది.

"పక్క పన్నుని ఏం చేశావయ్యా?"

"నాలిక్కి గుచ్చుకుంటోందని ఆకురాయి పెట్టి కాస్త అరగదీశా. నీకు పని తగ్గించా గదా, డాక్టరమ్మా!"

లియోనీ చేతితొడుగులు పీకి పారేసింది. "రెండు వారాల పని మట్టిపాలు చేశావు! మళ్లీ స్కాన్ నుంచి మొదలు. ముందు ఆ ఆకురాయి ఇలా తే."

మెర్వ్ బుద్ధిగా జేబులోంచి తీసి ఇచ్చాడు. ఇంకో ఆకురాయి పిడి తొంగిచూస్తున్న రెండో జేబు మీంచి మాత్రం చెయ్యి తీయలేదు.