కాకాకు చెప్పని ఇరవై కిలోమీటర్లు

కాకా పోయాడని అవ్వ ఫోన్ చేసినప్పుడు నేను కరీంనగర్‌లో మా కాలేజీ స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాను. "పొద్దుగాల చాయ్ తాగిండట. మంచం మీద కూసోనే ఉన్నడు. మీ చిన్నమ్మ గిలాస లోపల పెట్టి వచ్చేసరికి అయిపోయింది" అంది. తర్వాత, "నిన్ను మస్తు యాది చేసిండు బిడ్డా" అంది. ఆ మాటకు ఎవరికైనా ఏడుపు రావాలి. నాకు ముందు వచ్చింది సిగ్గు. ఇది రాయడానికి కారణం కూడా అదే.

ఆయన మాకు చుట్టం కాదు. శ్రీరాంపూర్ బొగ్గుబాయి క్వార్టర్లలో మా గోడకు ఆనుకున్న ఇల్లు వాళ్లది. నేను అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేదాన్ని. బాపు, ఆయన ఒకే గనిలో పనిచేశారు. బాపు బొగ్గు నింపేవాడు, కాకా ఫిట్టర్. బాపు పోయిన తర్వాత మా ఇంట్లో ఫ్యాను ఆగినా, నల్లా కారినా గోడ అవతల నుంచి ఆయనే వచ్చేవాడు. రిటైరయ్యాక వరండాలో సైకిళ్లు బాగుచేయడం మొదలుపెట్టాడు. అది దుకాణమేమీ కాదు, ఊరికే కూర్చోవడం చేతకాక పెట్టుకున్న పని. చక్రం తిప్పి, చెవి దగ్గర పెట్టి, కళ్లు మూసుకుని వినేవాడు. "గీడ పుల్ల ఒకటి వదులైంది" అనేవాడు. వేలు పెట్టి చూస్తే వదులయ్యే ఉండేది. పని ముగిశాక చేతులు కిరోసిన్‌తో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు కడిగి, గోళ్లు భార్యకు, అంటే మా చిన్నమ్మకు, చూపించి గానీ చాయ్ ముట్టేవాడు కాదు.

మనాలి నుంచి లేహ్ దాకా సైకిల్ మీద ఒక్కదాన్నే పోతానని నేను చెప్పినప్పుడు అవ్వ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రోడ్డు మంచుకొండలు దాటి అవతలి ఎడారిలోకి పోతుంది. రోజంతా తొక్కినా చెట్టు కనిపించదు. రాయి, ఇసుక, గాలి, అంతే. "ఆడివిల్ల ఒక్కతే గంత దూరం పోవుడేంది, నువ్వన్న చెప్పు" అని అవ్వ గోడ మీదుగా కాకాకు మొరపెట్టుకుంది.

కాకా చేతిలో పానా పక్కన పెట్టి, "వదినె, నేను ముప్పై ఏండ్లు భూమి లోపటికి పోయి వచ్చిన. ఎవలన్న వద్దన్నరా? గా పిల్ల మీదికి పోతనంటుంది. పోనీయి" అన్నాడు.

తర్వాత నాలుగు నెలలు ఆదివారం వస్తే చాలు, నేను ఆయన వరండాలో ఉండేదాన్ని. నా నీలం సైకిల్‌ను ముక్కముక్కలుగా విప్పించి, నా చేతే మళ్లీ బిగించాడు. పంచరు వేయడం వచ్చిందన్నాక, కళ్లు మూసుకుని వేయమన్నాడు. "బాయిల లైటు ఆరినా పంపు ఆగొద్దు. చేతులకు తెల్వాలె" అనేవాడు. ఎత్తు ఎక్కేటప్పుడు ఎట్లా అని అడిగితే ఒక్కటే చెప్పాడు. "తొవ్వ పొడుగు జూడకు. నెత్తి మీది లైటు ఎంత దూరం వడుతదో గంతనే నీ తొవ్వ. గా తర్వాతది తర్వాత."

ఆ ప్రయాణంలో నిజమేదో ముందు చెప్తాను. బారాలాచా కనుమ ఎక్కాను, అది నిజం. సర్చు దాటాక కొండ మీదికి మెలికలు తిరిగే ఇరవై ఒక్క మలుపులూ తొక్కాను, అదీ నిజం. ఒకచోట పంచరు పడితే, గాలికి లేచిన ఇసుకలో కళ్లు తెరవలేక, కళ్లు మూసుకునే వేశాను. కొండలు ఒకటి ఇటుక రంగులో, ఒకటి ఊదా రంగులో ఉండేవి. ఒక రోజు మొత్తంలో నాకు కనిపించింది ఒక గొర్రెల మంద, దాని వెనక ఊలు వడుక్కుంటూ నడిచే ఒక ముసలామె. నన్ను చూసి ఆమె నవ్వింది. ఆ నవ్వుతో సాయంత్రం దాకా తొక్కాను.

మోరే అనే పెద్ద మైదానం దాటితే తంగ్‌లంగ్ లా ఎక్కుడు మొదలవుతుంది. ఆ దారిలో అన్నిటికంటే ఎత్తైన కనుమ అది, పదిహేడు వేల అడుగుల పైమాట. ఇరవై కిలోమీటర్లు ఎక్కాలి. నేను మొదటి మలుపు దగ్గరే ఆగిపోయాను. నాలుగుసార్లు పెడల్ తొక్కితే ఊపిరి అందడం లేదు. దిగి నెట్టాను. పది అడుగులకే కూలబడ్డాను. చుట్టూ అంత గాలి వీస్తోంది, నాలోకి మాత్రం రావడం లేదు. కాకా చెప్పిన మాట గుర్తుకు రాలేదని అనను. వచ్చింది. లైటు పడేంత దూరం కూడా పోలేకపోయాను. ఒక రాయి మీద కూర్చుని ఏడ్చాను.

వెనక నుంచి వచ్చిన లారీ ఆగింది. డ్రైవరు పెద్దాయన, పంజాబీ. ఏమీ అడగకుండా ఎక్కు బేటీ అని, సైకిల్‌ను సామాన్ల మీద ముతక తాడుతో బిగించి కట్టాడు. అక్కడిదాకా నేను చేసింది తప్పు కాదని ఇప్పటికీ అనుకుంటాను. తప్పు పైన చేశాను. కనుమ మీది చిన్న గుడి దగ్గర డ్రైవరు దండం పెట్టుకోవడానికి ఆగాడు. ఒక్క నిమిషం సైకిల్ దించమని నేను అడిగాను. ఎత్తు రాసి ఉన్న బోర్డు కింద నిలబడి, సైకిల్ పట్టుకుని నవ్వి, నా ఫోన్‌తో ఆయన చేతే ఫొటో తీయించుకున్నాను. చేతులు కొయ్యబారి బ్రేకు పట్టలేకపోతున్నానని దిగుడు కూడా లారీలోనే దిగాను. మళ్లీ తాడు బిగిస్తూ ఆయన నా వైపు ఒకసారి చూశాడు. అవతల రుమ్‌సే ఊళ్లో దిగి, అక్కణ్నుంచి లేహ్ దాకా తొక్కాను.

లేహ్ నుంచి నేను పంపిన ఆ ఫొటో నాకంటే ముందు ఇల్లు చేరింది. పేపర్లో పడింది. నేను మంచిర్యాల స్టేషన్లో దిగేసరికి కాలనీ వాళ్లు దండతో ఉన్నారు. కాకా దండ తేలేదు. సైకిల్ అందుకుని, "నువ్వు పండుకో పో, దీన్ని నేను కడుగుత" అన్నాడు.

రెండు రోజుల తర్వాత సైకిల్ తెచ్చుకోవడానికి వెళ్తే వరండాలో తళతళలాడుతూ ఉంది. పైన అడ్డంగా ఉండే గొట్టం మీద రెండుచోట్ల, వెనక చక్రం పక్కన ఒకచోట కొత్త నీలం రంగు. ముప్పై ఏళ్లు సామాను తాళ్లతో కట్టి గనిలోకి దించిన మనిషికి, తాడు ఒరుసుకున్న మచ్చ ఏదో, రాయి తగిలిన మచ్చ ఏదో ఒకరు చెప్పాలా.

"గాడ చెయ్యి వెట్టకు. ఇంక ఆరలే" అన్నాడు కాకా. నా ముఖం చూడలేదు. నేనూ ఆయన ముఖం చూడలేదు.

ఆ వారమే నేను చదువుకున్న బడిలో సన్మానం పెట్టారు. ఒక పిల్ల లేచి, "మేడం, గా లాస్టు కొండ ఎట్లెక్కిన్రు?" అని అడిగింది. నేను మైకు పట్టుకుని, మా కాకా చెప్పిన మాటే నన్ను ఎక్కించిందని చెప్పాను. లైటు పడేంత దూరమే చూశానని, మలుపు తర్వాత మలుపు లెక్కపెట్టుకున్నానని చెప్పాను. పిల్లలంతా వెనక్కి తిరిగి, చివరి బెంచీలో కూర్చున్న కాకా వైపు చూసి చప్పట్లు కొట్టారు. ఆయన తల వంచుకుని తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. అబద్ధం నాది. తల వంచుకున్నది ఆయన.

ఆయన నన్ను నిలదీయలేదు. ఒకరోజు చైనుకు నూనె వేస్తూ, ఎవరూ అడగకుండానే, తన సంగతి ఒకటి చెప్పాడు. కొత్తగా పనిలో చేరిన రోజుల్లో ఒకసారి లోపల పైకప్పు చప్పుడు చేసిందట. పంపు దగ్గర తన జోడీదారు ఉన్నాడు. కాకా అతణ్ని పిలవకుండా పరిగెత్తాడు. అదృష్టం బాగుండి ఏమీ కూలలేదు.

"మీదికి వచ్చినంక, మదత్ కోసం ఉరికిన అని చెప్పిన. ఉత్తదే. పానం మీది భయానికి ఉరికిన. ఇరవై రోజులు బువ్వ సయించలే. ఆఖరికి వాని ఇంటికి పోయి చెప్పిన."

"ఏమన్నడు?"

"ఏమంటడు. చాయ్ తాగిపించిండు."

చెప్పి, నూనె డబ్బా కింద పెట్టి, ఎదురుచూశాడు. తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డ మనిషిలా ఉన్నాడు. నేను చేయాల్సిందల్లా ఒక్క అడుగు వేయడం. "పేపర్లు దిద్దాలె కాకా, పోయొస్త" అని లేచాను. ఆయన "మంచిది బిడ్డా" అన్నాడు.

తర్వాత నాకు కరీంనగర్ బదిలీ అయింది. సైకిల్ అవ్వ దగ్గరే వదిలేశాను. శ్రీరాంపూర్ వెళ్లినా గోడ అవతలికి వెళ్లడానికి ఏదో ఒక సాకు అడ్డం పెట్టుకునేదాన్ని. కాకాకు దమ్ము ఎక్కువైందని, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వస్తోందని అవ్వ చెప్తుండేది. పోయిన నెల ఆయనే ఫోన్ చేశాడు. మాటకూ మాటకూ నడుమ ఊపిరి పీల్చుకుంటున్నాడు.

"బిడ్డా, ఒకటి అడుగుత. గా ఎత్తు మీద నీకు దమ్ము అందకపోవచ్చు గదా. అప్పుడు ఎట్లుంటది? ఏం జేసినవ్?"

ఆయన నన్ను పరీక్షించడం లేదు. తనకు అవసరమై అడిగాడు. ఊపిరి ఆడక కూలబడి, మళ్లీ కోలుకున్న మనిషి ఆయనకు తెలిసినవాళ్లలో నేను ఒక్కదాన్నే. భయం ఎట్లా ఉంటుందో, ఎట్లా కూర్చుంటే కాస్త తగ్గుతుందో నాకు తెలుసు. అది చెప్పాలంటే ఆ రాయి సంగతి చెప్పాలి. రాయి చెప్తే లారీ చెప్పాలి.

"ఏం గాదు కాకా. అలవాటైతది" అన్నాను.

"అలవాటైతదా" అన్నాడు. "సరే మరి. నువ్వు పైలం."

అదే ఆయన గొంతు నేను ఆఖరుసారి వినడం.

దహనం అయిన మర్నాడు వంటింట్లో చిన్నమ్మ పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. లారీ, తాడు, ఫొటో, రంగు. ఆమె నమ్మనట్టు చూసింది. "నాకు చెప్పలే" అంది. "కూరల ఉప్పు తక్కువైనా నాకు చెప్పేటోడు. గిది మాత్రం చెప్పలే." తర్వాత, "మరి దమ్ము అందనప్పుడు నువ్వేం జేసినవ్?" అని అడిగింది.

"ముంగటికి వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టి, మూతి సన్నగ చేసి ఊదిన. జర నయమైంది."

చిన్నమ్మ తన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఒకసారి ముందుకు వంగి చూసింది. "ఆయన ఎల్లకిల పండుకొని తన్లాడేటోడు. ఆఖరి నాలుగు రోజులే కూసునుడు నేర్చిండు. గా ముక్క ఫోన్ల చెప్తే అయిపోవు గదనే" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు సులువయ్యేది.

ఆ రోజు బడిలో చప్పట్లు కొట్టిన పిల్లలు కొందరైనా ఇది చదువుతారేమో. తంగ్‌లంగ్ లా నేను ఎక్కలేదు. కాకా చెప్పిన మాట తప్పు కాదు. దాన్ని అబద్ధానికి వాడుకున్నది నేను.

మూడో రోజు అస్థికలు కలపడానికి మంచిర్యాల దగ్గర గోదావరికి వెళ్లాం. కాకా అల్లుడు అస్థికల కుండ పట్టుకుని ఆటోలో కూర్చుంటే, కాకాతో బాయిలో పనిచేసిన ముసలివాళ్లు ఆరుగురు సైకిళ్ల మీద వెనక వచ్చారు. అన్నీ ఆయన చేయి పడ్డ సైకిళ్లే. నేనూ నా సైకిల్‌కు గాలి కొట్టి వాళ్లతో కలిశాను. ఎండలకు నది బాగా లోపలికి పోయింది. రోడ్డు దిగాక నీళ్ల దాకా ఇసుకే. ఎవరం తొక్కలేకపోయాం.

తిరిగి వచ్చేటప్పుడు అందరం సైకిళ్లు నెట్టుకుంటూ నడిచాం. వాళ్లవీ బొగ్గు పీల్చిన ఊపిరితిత్తులే. పది అడుగులకు ఒకరు ఆగి, హ్యాండిల్ మీదికి వంగి, ఊపిరి కూడదీసుకునేవాళ్లు. ఒకరు ఆగితే మిగతావాళ్లూ ఆగేవాళ్లు. ఎవరూ తొందరపెట్టలేదు, ఎవరూ సిగ్గుపడలేదు. ఒకచోట నేనూ ఆగాను. వెనక్కి చూస్తే నీళ్ల దగ్గర నుంచి తడి ఇసుకలో ఏడు సైకిళ్ల చక్రాల గీతలు, ప్రతి గీత పక్కన ఒక వరుస అడుగులు. ఆగిన చోటల్లా ఆ అడుగులు లోతుగా దిగి ఉన్నాయి. వాటిలో నీళ్లు ఊరుతున్నాయి.